99 ఏళ్ల లీజు ఫ్లాటు కొనవచ్చా? సింగపూర్‌లో ఇంటి రుణాలు చూసినవాడి లెక్క

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైనంతలో కుదించి చెబుతాను. మీకు 37 ఏళ్లు, మీ శ్రీమతికి 34. ఇద్దరికీ సింగపూర్‌లో శాశ్వత నివాస హోదా (ఇక్కడ అందరూ అనేటట్టు పీఆర్) వచ్చి నాలుగేళ్లయింది. ఒక పాప. ఇప్పుడు నెలకు 3,200 డాలర్ల అద్దె కడుతున్నారు. చేతులు మారే హెచ్‌డీబీ (ఇక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఫ్లాట్లు రెండు చూశారు. ఒకటి టాంపనీస్‌లో, లీజు 60 ఏళ్లు మిగిలింది, ధర 5,80,000 డాలర్లు. రెండోది పుంగోల్‌లో, లీజు 90 ఏళ్లు మిగిలింది, ధర 6,60,000. ఊళ్లో నాన్నగారేమో ‘భూమి మనది కానప్పుడు అది ఇల్లెలా అవుతుంది, అంత డబ్బు పోసి అద్దెకున్నట్టే కదా’ అంటున్నారు. ఆయన మాట నిజమా, నిజమైతే కొనడం దండగా అన్నది మీ సందేహం.

నేను ఇక్కడ ఒక బ్యాంకులో 17 ఏళ్లు ఇంటి రుణాల విభాగంలో పనిచేశాను. సొంతానికి రెండు ఫ్లాట్లు కొన్నాను, ఒకటి అమ్మాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటిగా సమాధానం: నాన్నగారి మాట నిజమే. అయినా కొనవచ్చు. పదేళ్లకు మించి ఇక్కడే ఉంటామన్న నమ్మకం ఉంటే పుంగోల్ ఫ్లాటు తీసుకోండి. ఐదారేళ్లలో వెళ్లిపోయే ఆలోచన ఏ మూలనైనా ఉంటే రెండూ వద్దు, అద్దెకే ఉండండి. టాంపనీస్ ఫ్లాటు 80,000 తక్కువకు వస్తున్నట్టు కనిపిస్తుంది గానీ లెక్క కడితే అదే ఎక్కువ ఖర్చు. వీటన్నిటి కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. ప్రశ్న చివర మాటవరసకు అన్నట్టు మియాపూర్‌లో మీకొక ఫ్లాటు ఉందని రాశారు చూశారా, అసలు చిక్కు అక్కడుంది. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

మొదట భూమి సంగతి. సింగపూర్ భూమిలో దాదాపు 90 శాతం ప్రభుత్వానిదీ ప్రభుత్వ సంస్థలదీ. హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లు మామూలుగా 99 ఏళ్ల లీజు మీదే ఇస్తారు. ఆ గడువు బ్లాకు కట్టిన కొత్తలో మొదలవుతుంది, మీరు కొన్ననాడు కాదు. మధ్యలో పదిమంది చేతులు మారినా గడియారం వెనక్కి తిరగదు. లీజుకు నూరేళ్లు నిండిన రోజున ఫ్లాటు హెచ్‌డీబీకి తిరిగి వెళుతుంది, చేతికి వచ్చేది గుండు సున్నా.

మన హైదరాబాద్, విజయవాడ లెక్క ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం ఇదే. అక్కడ అపార్టుమెంటు కొంటే రిజిస్ట్రేషన్ కాగితంలో ‘విభజించని వాటా 45 గజాలు’ అని రాసి ఉంటుంది. ముప్పయ్యేళ్లకు గోడలు పెచ్చులూడినా ఆ 45 గజాలు మాత్రం ఎక్కడికీ పోవు. బిల్డరు వచ్చి ‘పడగొట్టి కడతాను, మీకింత వాటా’ అంటాడు. అందుకే మనవాళ్లకు ఇల్లు పాతబడితే ధర తగ్గుతుందన్న ఆలోచనే రాదు. సింగపూర్‌లో ఇటుక గోడలు బాగానే ఉంటాయి. కరిగిపోయేది కాలమే. మీరు ఇక్కడ గజాలు కొనడం లేదు, సంవత్సరాలు కొంటున్నారు.

‘అలాంటి రోజు వస్తే ప్రభుత్వం ఊరుకుంటుందా, ఏదో ఒకటి చేస్తుంది’ అని చాలామంది అంటారు. ఒకప్పుడు నేనూ అనుకున్నాను. గేలాంగ్ లోరాంగ్ 3లో 191 ఇళ్లుండేవి. హెచ్‌డీబీవి కావు, ప్రైవేటువి. ఒకదానికొకటి ఆనుకుని వరుసగా ఉండే ఇళ్లు, 60 ఏళ్ల లీజు. 2020 డిసెంబరు 31న గడువు తీరింది. భూమి ప్రభుత్వానికి వెళ్లింది, యజమానులకు నష్టపరిహారం ఇవ్వలేదు. ఆ ఏడాది చివర్లో ఒక ఆదివారం నేను ప్రత్యేకంగా వెళ్లి చూశాను. కొన్ని వాకిళ్లలో పాత మంచాలు, బీరువాలు బయట పెట్టి ఉన్నాయి. ఒక గుమ్మానికి మాత్రం కొత్తగా రంగు వేసి ఉంది. ఎందుకు వేశారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

హెచ్‌డీబీ ఫ్లాట్ల విషయంలో రెండు ఆశలు తిరుగుతుంటాయి. ఒకటి సెర్స్. పాత బ్లాకును గడువుకు ముందే తీసుకుని, పరిహారమూ కొత్త ఫ్లాటు కొనుక్కునే అవకాశమూ ఇచ్చే పథకం. 1995లో మొదలైంది. అయితే అది వర్తించింది మొత్తం ఫ్లాట్లలో 4 శాతానికేనని, ప్రతి పాత ఫ్లాటుకూ వస్తుందనుకుని ఎక్కువ ధర పెట్టి కొనవద్దని 2017లో అప్పటి జాతీయాభివృద్ధి మంత్రి లారెన్స్ వాంగ్ స్వయంగా రాశారు. ఆయన ఇప్పుడు ప్రధానమంత్రి. రెండోది వెర్స్. 70 ఏళ్లు దాటిన బ్లాకులను నివాసుల ఓటుతో తీసుకునే ఆలోచన, 2018లో ప్రకటించారు. పరిహారం సెర్స్ అంత ఉదారంగా ఉండదని అప్పుడే చెప్పారు. ఈ రెండింటినీ మీ లెక్కలో సున్నాగానే వేసుకోండి. వస్తే లాటరీ తగిలినట్టు.

ఇక అంకెలు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒక చిన్న పట్టిక వేసి చూపించేవాడిని, నాలుగే వరుసలు. పుంగోల్ ఫ్లాటును పదిహేనేళ్లు ఉంచుకుంటారనుకుందాం.

మొదటి వరుస డబ్బు ఖరీదు. బ్యాంకుకు వడ్డీ కట్టినా, మీ సొమ్మే పెట్టి దాని మీద వచ్చే వడ్డీ వదులుకున్నా ఖర్చు ఖర్చే. సుమారుగా 3 శాతం వేస్తే 6,60,000 మీద ఏడాదికి 19,800. రెండో వరుస లీజు అరుగుదల. 6,60,000ను 90తో భాగిస్తే ఏడాదికి 7,333. మూడో వరుస స్టాంపు సుంకాలు. మామూలు సుంకం 14,400. పీఆర్‌లు మొదటి ఇల్లు కొన్నా అదనంగా 5 శాతం కట్టాలి, అది 33,000. మొత్తం 47,400. పదిహేనేళ్లకు పరిస్తే ఏడాదికి 3,160. నాలుగోది ఆస్తిపన్ను, టౌన్ కౌన్సిల్ నెలసరి రుసుము, చిల్లర మరమ్మతులు. వీటికి 3,000 అనుకుందాం. అన్నీ కలిపితే ఏడాదికి 33,293, అంటే నెలకు సుమారు 2,775 డాలర్లు. మీ అద్దె 3,200.

ఇప్పుడు టాంపనీస్. డబ్బు ఖరీదు 17,400. అరుగుదల 5,80,000ను 60తో భాగిస్తే 9,667. సుంకాలు మామూలుది 12,000, అదనంగా కట్టేది 29,000, మొత్తం 41,000. ఏడాదికి 2,733. పాత ఫ్లాటు కాబట్టి నాలుగో వరుసకు 4,500 వేస్తాను. మొత్తం 34,300, నెలకు 2,858. చూశారా, 80,000 తక్కువ ధర ఉన్న ఫ్లాటే నెలకు 80 డాలర్లకు పైగా ఎక్కువ తింటోంది. అందుకే ధర చూడకండి, మిగిలిన ఒక్కో ఏడాదికి ఎంత పడుతోందో చూడండి.

ఇందులో ఒక వెసులుబాటు తీసుకున్నానని ఒప్పుకోవాలి. లీజు ఏటా సమానంగా అరగదు. మొదట్లో నెమ్మదిగా, చివర్లో వేగంగా తరుగుతుంది. ఇక్కడి భూమి శాఖ వాడే ఒక పట్టిక ఉంది, వాడుకలో ‘బాలా పట్టిక’ అంటారు. శాశ్వత హక్కున్న భూమి విలువ 100 అనుకుంటే, 99 ఏళ్ల లీజు విలువ 96. అరవై ఏళ్లు మిగిలితే 80. ముప్పయ్యేళ్లు మిగిలితే 60. అంటే మొదటి 39 ఏళ్లలో పోయేది ఆరోవంతు. ఆ తర్వాతి 30 ఏళ్లలో ఉన్నదాంట్లో నాలుగోవంతు. చివరి 30 ఏళ్లలో మిగిలిందంతా. టాంపనీస్ ఫ్లాటు సరిగ్గా జారుడు మొదలయ్యే చోట నిలబడి ఉంది. పుంగోల్ ఫ్లాటు అక్కడికి చేరడానికి ఇంకా ముప్పయ్యేళ్లు పడుతుంది. కాబట్టి అరుగుదలను సమానంగా వేసి నేను పుంగోల్‌కు కొంచెం అన్యాయమే చేశాను.

మరి ధరలు పెరగవా అంటారు. పెరగవచ్చు. నేను కొన్న మొదటి ఫ్లాటు పెరిగింది కూడా. కానీ చుట్టూ ధరలు పెరగడం వేరు, మీ లీజు కరగడం వేరు. మంచి రోజుల్లో మొదటిది రెండోదాన్ని కప్పేస్తుంది. ధరలు కదలకుండా ఉన్న ఏళ్లలో అరుగుదల ఒక్కటే కనబడుతుంది. ఆశ మీద కాకుండా అరుగుదల మీద లెక్క వేసుకుంటే తర్వాత నిద్ర పడుతుంది.

ఐదేళ్లకే వెళ్లిపోతే ఏమవుతుందో కూడా చూడండి. పుంగోల్ సుంకాలు 47,400ను ఐదుతో భాగిస్తే ఏడాదికి 9,480. మొత్తం ఖర్చు నెలకు 3,300కు ఎక్కి కూర్చుంటుంది, మీ అద్దెను దాటిపోతుంది. అమ్మేటప్పటి ఏజెంటు కమీషను, లోపల చేయించుకున్న చెక్కపని ఇంకా కలపలేదు. పైగా హెచ్‌డీబీ ఫ్లాటు కొన్నాక ఐదేళ్లు నివసించే దాకా అమ్మడానికి వీల్లేదు. పీఆర్‌లు మొత్తం ఫ్లాటును అద్దెకిచ్చి వెళ్లిపోవడానికీ వీల్లేదు, ఐదేళ్లు నిండాక కూడా. ఆ సౌకర్యం పౌరులకే. పీఆర్ హోదా వదులుకుంటే ఫ్లాటూ వదులుకోవాలి. ‘ఇండియా వెళ్లిపోయినా అద్దె వస్తూ ఉంటుంది’ అన్న పథకం మీ మనసులో ఉంటే దాన్ని ఇప్పుడే తీసేయండి.

సీపీఎఫ్ (జీతంలోంచి జమయ్యే ఇక్కడి భవిష్య నిధి) దగ్గరకు వద్దాం. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 2019 మే 10 నుంచి నిబంధన ఇది: ఫ్లాటుకు మిగిలిన లీజు, కొనేవారిలో చిన్నవారికి 95 ఏళ్లు వచ్చేదాకా సరిపోవాలి. సరిపోకపోతే సీపీఎఫ్ నుంచి వాడుకోగల మొత్తాన్ని ఆ దామాషాలో తగ్గిస్తారు. లీజు 20 ఏళ్లకు తక్కువైతే అసలు వాడనివ్వరు. మీ శ్రీమతికి 34. టాంపనీస్ లీజు 60. కలిపితే 94. ఒక్క ఏడాది తక్కువ! కోత చిన్నదే పడుతుంది గానీ పడుతుంది. వచ్చే ఏడాది చూద్దామంటే ప్రయోజనం లేదు. ఆమెకు ఒక ఏడు పెరిగితే లీజుకు ఒక ఏడు తగ్గుతుంది, మొత్తం 94 దగ్గరే ఉంటుంది.

మీకు మారదు సరే, మీ దగ్గర కొనబోయేవాడికి మాత్రం మారుతుంది. పదిహేనేళ్ల తర్వాత మీలాంటి ఒక 34 ఏళ్ల మనిషి టాంపనీస్ ఫ్లాటు చూడటానికి వస్తాడు. లీజు 45 మిగులుతుంది. 34కు 45 కలిపితే 79. అతని సీపీఎఫ్ మీద గట్టి కోత పడుతుంది. బ్యాంకు కూడా రుణం గడువు తగ్గిస్తుంది, లేదా శాతం తగ్గిస్తుంది, లేదా మర్యాదగా ‘ఇంకో ఫ్లాటు చూసుకోండి’ అంటుంది. ఈ మాట నేనే ఎన్నిసార్లు అన్నానో. అదే పుంగోల్‌కు అప్పుడు 75 ఏళ్లు మిగులుతాయి. 34, 75 కలిపి 109, అతనికి ఏ అడ్డూ లేదు. లీజు ఫ్లాటు కొనేటప్పుడు మీ స్తోమత కాదు, మీ తర్వాత కొనేవాడి స్తోమత లెక్క వేయాలి. ఇంత రాసిన దాంట్లో మీరు ఒక్కటే గుర్తుంచుకోదలిస్తే ఇదే గుర్తుంచుకోండి.

ఒక జంట కథ చెబుతాను. అబ్బాయిది 31, అమ్మాయిది 29. పాత పేటలో పెద్ద అయిదు గదుల ఫ్లాటు, ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషను మూడు నిమిషాల నడక, లీజు 50 ఏళ్లు. ఇష్టపడి ఆప్షన్ ఫీజు (ఫ్లాటును ఇంకొకరికి అమ్మకుండా పట్టి ఉంచే బయానా) కట్టేశాక నా దగ్గరికి వచ్చారు. 29, 50 కలిపితే 79 అని కాగితం మీద రాసి చూపిస్తే ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. సీపీఎఫ్ నుంచి తీస్తామనుకున్న దాంట్లో పెద్ద ముక్క నగదుగా తేవలసి వచ్చింది. ఊళ్లో మామగారి దగ్గర చేబదులు తెచ్చారు. తేలిగ్గా తప్పించుకోగలిగిన ఇబ్బంది అది, ఒక్క కూడిక ముందే వేసుకుని ఉంటే.

సీపీఎఫ్‌లో రెండో మెలిక, అమ్మిన రోజున మీరు తీసిన మొత్తాన్ని 2.5 శాతం వడ్డీతో కలిపి తిరిగి జమ చేయాలి. రెండు లక్షలు తీసి పదిహేనేళ్లకు అమ్మితే సుమారు 2,90,000 వెనక్కి వెళుతుంది. అది మీ ఖాతాలోకే కాబట్టి నష్టం కాదు. కానీ అమ్మకం డబ్బంతా చేతికొస్తుందనుకుని హైదరాబాద్‌లో విల్లాకు అడ్వాన్సు ఇచ్చేసినవాళ్లను చూశాను. దేశం వదిలి శాశ్వతంగా వెళ్లిపోతూ పీఆర్ వదులుకుంటే సీపీఎఫ్ మొత్తం తీసుకోవచ్చు, అది వేరే సంగతి.

చేతిలో ఎంత ఉండాలి అని కూడా అడిగారు. పీఆర్ దంపతులకు హెచ్‌డీబీ రుణం రాదు, బ్యాంకు రుణమే. గరిష్ఠంగా 75 శాతం. పుంగోల్‌కు మీ వాటా 1,65,000, అందులో కనీసం 33,000 నగదు, మిగతాది సీపీఎఫ్ నుంచి. నెలసరి కిస్తు మీ స్థూల ఆదాయంలో 30 శాతం దాటకూడదు. సుంకాలకు 47,400 వేరే. ఇంకో గుంట ఉంది. అమ్మేవాళ్లు అడిగిన ధర కన్నా హెచ్‌డీబీ వేసే వాల్యుయేషన్ తక్కువైతే ఆ తేడా మొత్తం నగదే. వాల్యుయేషన్ ఎంతో ఆప్షన్ తీసుకున్నాకనే తెలుస్తుంది. ఆ తర్వాత మీకుండేది 21 రోజులు. తేడా మరీ ఎక్కువైతే ఆప్షన్ ఫీజు వదులుకుని బయటికి రండి. అది వెయ్యి డాలర్లకు మించదు. ఆ వెయ్యికి ఏడ్చి 40,000 పోసినవాళ్లున్నారు.

ఇప్పుడు మియాపూర్. పీఆర్‌లు హెచ్‌డీబీ ఫ్లాటు కొంటే, విదేశాల్లో ఉన్న సొంత నివాస ఇంటిని కొన్న ఆరు నెలల్లోగా వదిలించుకోవాలి. విదేశం అంటే ఇండియా కూడా. ‘వాళ్లకెలా తెలుస్తుంది లెండి’ అని ఎవరైనా అంటే వాళ్ల సలహా ఇక వినకండి. దరఖాస్తులో మీరు సంతకం పెట్టి ప్రకటించాలి. తప్పుడు ప్రకటన తేలితే ఫ్లాటే పోవచ్చు.

నాకు తెలిసిన ఒక ఇంజినీరు ఈ నిబంధన ఆలస్యంగా చదివాడు. నిజాంపేటలో రెండు పడకగదుల ఫ్లాటు, అందులో అమ్మానాన్నలు ఉండేవారు. ఆరు నెలల గడియారం టిక్కుటిక్కుమంటుంటే కొనేవాడికి ఆ సంగతి తెలిసిపోయింది, గట్టిగా బేరమాడాడు. అమ్మానాన్నలను అద్దె ఇంటికి మార్చడం, తల్లి తులసికోటతో సహా సామాను సర్దడం, ఇదంతా ఏ పట్టికలో రాయాలి? మీరు ఫ్లాటు అమ్మితే ఇండియాలో పన్ను కూడా ఉంటుంది. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇంటి మీద లాభానికి ఇప్పుడు 12.5 శాతం, సర్‌చార్జి, సెస్సు అదనం. 2024 జులై 23కు ముందు కొన్నవాటికి ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం ఎంచుకునే వీలు దేశంలో నివసించేవారికే ఉంచారు, ప్రవాసులకు లేదు. పైగా అమ్మేది ప్రవాసి కాబట్టి కొనేవాడు పన్ను ముందే కోసి కట్టాలి. తక్కువ కోత కోసం ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందుగా ధ్రువపత్రం తెచ్చుకుంటే మేలు. నాన్నగారి పేరుకు మార్చితే సరిపోతుందా, ఖాళీ స్థలం ఉంటే ఏమిటి అన్నవి హెచ్‌డీబీనే రాతపూర్వకంగా అడగండి. నా మాటా, ఏజెంటు మాటా అక్కడ చెల్లవు.

మియాపూర్ ఫ్లాటు వదులుకోవడం మీకు ఇష్టం లేకపోతే పై లెక్కంతా పక్కన పెట్టండి. అప్పుడు మీకున్న దారి కాండో, అంటే ప్రైవేటు అపార్టుమెంటు. కాండోలకు ఈ ఆరు నెలల నిబంధన లేదు. వాటిలో శాశ్వత హక్కున్నవీ ఉన్నాయి, 99 ఏళ్లవీ ఉన్నాయి. 80 శాతం వాటా ఉన్న యజమానులు ఒప్పుకుంటే (కట్టి పదేళ్లు దాటినవాటికి) సముదాయం మొత్తాన్ని బిల్డరుకు అమ్మేసే దారీ ఉంది. కానీ ధర చాలా ఎక్కువ, మీ 3,200 అద్దెతో పోల్చే స్థాయిలో ఉండదు. మీ జీతాల వివరాలు రాయలేదు కాబట్టి దాని మీద ఇంతకంటే చెప్పను.

కోటా సంగతి ఏజెంటు చివరిదాకా చెప్పడు, నేను ముందే చెబుతాను. ప్రతి బ్లాకులో, పేటలో ఏ జాతివారు ఎంతమంది ఉండవచ్చన్న పరిమితి 1989 నుంచి ఉంది. ‘భారతీయులు, ఇతరులు’ అనే వర్గానికి బ్లాకులో 15 శాతం, పేటలో 12 శాతం. మలేషియావారు కాని పీఆర్ కుటుంబాలకు వేరే పరిమితి ఉంది, బ్లాకులో 8, పేటలో 5. కొనే ముందు హెచ్‌డీబీ వెబ్‌సైటులో బ్లాకు నంబరు కొట్టి చూడండి. రేపు అమ్మేటప్పుడు ఇది ఇంకో రకంగా తగులుతుంది. మీ బ్లాకులో చైనీయుల కోటా నిండి ఉంటే మీ ఫ్లాటు చైనీయ కుటుంబానికి అమ్మలేరు, కొనేవాళ్ల గుంపు ఒక్కసారిగా చిన్నదైపోతుంది. 

పాత ఫ్లాటుకు నాలుగో వరుసలో 1,500 ఎక్కువ ఎందుకు వేశానో కూడా చెప్పాలి. నా మొదటి ఫ్లాటు కొన్నాక మూడో ఏట స్నానాల గది పైకప్పులో అరచేతి వెడల్పున ఉబ్బు కనిపించింది. రంగు పొంగిందనుకున్నాను. ఒక రాత్రి పెద్ద చప్పుడు, వెళ్లి చూస్తే కాంక్రీటు పెచ్చు ఊడి బకెట్‌లో పడి ఉంది, పైన తుప్పు పట్టిన ఇనుప చువ్వలు పక్కటెముకల్లా కనబడుతున్నాయి. పై అంతస్తు స్నానాల గది నుంచి ఏళ్ల తరబడి నీరు దిగి అలా అవుతుంది. పైవాళ్లూ మేమూ చెరిసగం పెట్టుకుని బాగు చేయించాం. పైన ఉండేది వృద్ధ దంపతులు, వాళ్లను ఒప్పించడానికి నాలుగు వారాలు పట్టింది, ఒకసారి మా ఆవిడ చేసిన అరిసెలు కూడా పట్టుకెళ్లాను. కాబట్టి ఏ ఫ్లాటు చూడబోయినా హాలు, వంటగది తర్వాత చూడండి. ముందు స్నానాల గదిలో తల పైకెత్తండి. కొత్తగా ఫాల్స్ సీలింగ్ బిగించి ఉంటే దాని వెనక ఏముందో చూపించమనండి.

చివరగా నాన్నగారికి ఏం చెప్పాలని అడిగారు. ఆయన వ్యవసాయం చేసిన మనిషని రాశారు కాబట్టి పని తేలికే. ఇది పట్టా కొనడం కాదు, తొంభై ఏళ్ల కౌలు ఒకేసారి కట్టేయడం అని చెప్పండి. కౌలుకు తీసుకునే రైతు ఎకరాకు కౌలు ఎంత, గడువు ఎంత, ఆ గడువులో పంట గిడుతుందా అని చూస్తాడు. పొలం తన మనవడికి రాదని ఏడవడు. పాప పెద్దయ్యాక ఈ ఫ్లాటు ఆమెకు దక్కుతుందా అని ఆయన అడగవచ్చు. వారసత్వంగా వస్తుంది. కానీ ఆమె అప్పటికి ఇక్కడి పౌరురాలో పీఆరో అయి ఉండాలి, లేకపోతే అమ్మాల్సిందే. ఆయన ఆ జవాబుకు ‘అయితే పాపకు ఊళ్లో రెండెకరాలు ఉంచుతాలే’ అంటే మాత్రం ఆ రెండెకరాల మీద ఇల్లేమైనా ఉందేమో అడిగి, హెచ్‌డీబీ దరఖాస్తు నింపండి.